కథలో తమ్ముడు లేవని సాయంత్రం

టీవీలో పురాణం చెప్పడానికి ఏమేం కావాలని ఇప్పటి పిల్లలను అడిగితే కెమెరా, మైకు, దీపాలు అంటారు. మా రోజుల్లో బీదర్‌లో వాటన్నిటికన్నా ముందు ఒక మనిషి కావలసివచ్చేది. మొదలుపెట్టిన పంతులుగారిని అరగంటకు ఆపగల మనిషి. ఆ ఉద్యోగం నేను చేశాను.

కాగితాల మీద మాత్రం నన్ను టెక్నీషియన్ అనేవారు. జహీరాబాద్ వైపు నుంచి బతుకుదెరువుకు బీదర్ వచ్చి, రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసుకుంటూ ఉంటే, ఊళ్ళో కేబుల్ టీవీ నడిపే ఆసామి పిలిచి పనిచ్చాడు. ఆయన్ను అందరం మాలిక్, అంటే యజమాని, అనేవాళ్ళం. ఇక్కడ ఎవరి పేరూ రాయదలచుకోలేదు. కొందరు పోయారు, ఉన్నవాళ్ళు నన్ను ఊరికే వదలరు. మనుషుల పేర్లే రాయనివాణ్ణి పురాణంలో వాళ్ళ పేర్లు మాత్రం ఎందుకు రాయాలి? అడవికి పోయిన అన్న, వెంట పోయిన తమ్ముడు అంటే మీకు తెలియనిది కాదు.

హైదరాబాద్ అప్పుడు పైపైకి లేస్తున్న ఊరు. బీదర్‌లో ఆ బస్సెక్కితే కంప్యూటర్ నేర్చినవాడి పక్క సీట్లో సెంట్రింగ్ పనికి పోయేవాడు కూర్చుని ఉండేవాడు. ఇద్దరిదీ ఒకటే తొందర. అక్కడి స్టూడియోలు కొత్త సామాను కొనుక్కుని పాతది అమ్మేస్తే, మా మాలిక్ దాన్ని మూటగట్టి తెచ్చి, దుమ్ము దులిపి, "కొత్త మాల్ వచ్చింది, చూడుండ్రి" అని మాకు చూపించేవాడు. మా కెమెరామన్ తన కెమెరాను తుడిచినప్పుడల్లా, "ఇదేమో హైదరాబాద్ ఇడిసి ఇక్కడికొచ్చింది. నేనేమో ఇక్కడనే ఉన్న" అని నిట్టూర్చేవాడు. వచ్చే నెల హైదరాబాద్ పోతున్నానని అతను చెప్పని నెల లేదు.

సాయంత్రాలు మా చానెల్‌లో దేవుళ్ళ వేళ. కన్నడంలో శివశరణుల మాటలు, ఉర్దూలో ఒక మౌలానా ప్రసంగం, మరాఠీలో కీర్తన, చివరగా తెలుగు పురాణం. తలా అరగంట. ఎవరు వచ్చినా అదే కుర్చీ, వెనక అదే నీలం తెర, ముఖానికి అదే పౌడర్ డబ్బా. మాలిక్ ఈ విషయంలో చాలా న్యాయంగా ఉండేవాడు. తెలుగు అరగంట కాగానే మార్కెట్ యార్డులో కందుల ధర, పెసల ధర చదివేవాళ్ళు. ఆ వెంటనే సినిమా. ఊరంతా కాచుకునేది ఆ సినిమా కోసమే అయినా, దేవుళ్ళ కోసమే టీవీ పెట్టామని చెప్పుకోవడం మర్యాదగా ఉండేది.

మా పంతులుగారిది సరిహద్దు పల్లె, కాపురం బీదర్ అంచున చిద్రిలో. తాతల నాటి నుంచి ఆ ఇంట్లో పురాణం చెప్పడమే పని. పందిట్లో నలుగురు కూర్చుంటే చాలు, ఆయనకు తిండి గుర్తుండేది కాదు. అలాంటి మనిషి మొదటి రోజు కెమెరా ముందు కూర్చుని నోరు మెదపలేదు.

"ఏమైంది అయ్యగారూ?" అని అడిగాను.

"ఎవ్వరికి చెప్పాలయ్యా?" అన్నారు. "ఈ గాజుకన్ను ఊ కొట్టదాయె, తలూపదాయె. దీనికి సమజైందో లేదో నాకెట్ల తెలుస్తది?"

కెమెరామన్ తాను తలూపుతానన్నాడు. ఊపాడు కూడా. ఆ రోజు టీవీలో పంతులుగారు పడవలో కూర్చుని కథ చెబుతున్నట్టు కనిపించారు. మర్నాటి నుంచి కెమెరా పక్కన నన్ను నిలబెట్టారు. గడియారం చూసుకుంటూ, శబ్దం రాకుండా ఊ కొడుతూ, సమయం దగ్గరపడగానే చెయ్యి పైకెత్తడం నా పని. నేను చెయ్యెత్తితే ఆయన కూడా ప్రసన్నంగా చెయ్యెత్తి, నన్ను దీవించి, మళ్ళీ కథలోకి వెళ్ళిపోయేవారు.

ఆయన ఆగకపోవడం మొండితనం కాదు. పురాణాన్ని ఎక్కడ పడితే అక్కడ ఆపకూడదని మా వైపు గట్టి పట్టింపు. కథలో ఎవరో ఏడుస్తుండగానో, తప్పిపోయి ఉండగానో, పడిపోయి ఉండగానో ఆ పూటకు చాలించి లేవకూడదు. అలా లేస్తే విన్నవాళ్ళ ఇళ్ళకు మంచిది కాదంటారు. ఆ కష్టం గట్టెక్కాకే మంగళం పాడాలి. పందిట్లో ఇది తేలిక, జనం ఇంకాసేపు కూర్చుంటారు. టీవీలో అలా కాదు, వెనకాలే కందుల ధర నిలబడి ఉంటుంది. ముసలి రాజు కొడుకు కోసం కుమిలి కుమిలి ప్రాణం విడిచిన రోజు పంతులుగారు ఆగలేక, ధరల సమయమంతా వాడేసుకున్నారు. మర్నాడు హుల్సూర్ నుంచి కందులు అమ్మడానికి వచ్చిన రైతు ఒకాయన నేరుగా మా ఆఫీసుకే వచ్చి, "రాజు సచ్చిపోయిండని నాకు ఎప్పటిసందో తెలుసు. కంది ఎంతకు పోయిందో చెప్పకపోతిరి?" అని నిలదీశాడు.

అప్పటి నుంచి మాలిక్ ఒక కట్టడి పెట్టాడు. ఏ రోజు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతారో పంతులుగారు ముందే నాతో అనుకోవాలి. ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోవడంలో ఆయనకు ఎప్పుడూ ఇబ్బంది లేదు.

అప్పటి రికార్డింగు గురించి రెండు ముక్కలు చెప్పాలి. మధ్యాహ్నం పురాణాన్ని వీడియో క్యాసెట్ మీద ఎక్కించి, సాయంత్రం వేసేవాళ్ళం. మాలిక్ కొత్త క్యాసెట్లు కొనడు. ఎవరో తీసుకుపోకుండా వదిలేసిన పెళ్ళి క్యాసెట్ల మీదే మా పురాణాలన్నీ ఎక్కేవి. కొత్తది ఎక్కినంత మేరకే పాతది చెరిగిపోతుంది, ఆ తర్వాత పెళ్ళి పెళ్ళిగానే ఉంటుంది. ఇక రెండోది: కెమెరా బ్యాటరీ మీద నడిచేది, రికార్డరు కరెంటు మీద నడిచేది. జనరేటర్ ఉన్నా అది సాయంత్రం ప్రసారాలకే. మధ్యాహ్నం దానికి డీజిల్ పోయించే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఒక రోజు యుద్ధంలో తమ్ముడు పడిపోయే ఘట్టం వచ్చింది. "అరగంటల పడగొట్టి అరగంటలనే లేపుత. లేపకుంటే నన్నడుగు" అని పంతులుగారు మాటిచ్చారు. మొదలుపెట్టారు. తమ్ముడికి దెబ్బ తగిలింది, ఒరిగిపోయాడు. అన్న పరుగున వచ్చి తల ఒడిలో పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు పంతులుగారు ఎలా చెప్పారంటే, కెమెరామన్ కళ్ళు తుడుచుకుంటున్నాడు, నేను గడియారం సంగతే మరిచిపోయాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి వచ్చింది. ఫ్యాను ఒక్కసారి నీరసించి మళ్ళీ అందుకుంది, అంతే. బీదర్‌లో అంత చిన్న కోతను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కెమెరా ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మూలన రికార్డరు మాత్రం మాకు తెలియకుండానే ఆగిపోయింది, మళ్ళీ మొదలుకాలేదు. పంతులుగారు కొండ తెప్పించారు, తమ్ముణ్ణి లేపారు, అన్నదమ్ములను కలిపారు, మంగళం పాడారు. "చూసినవా, మాట మీద నిలబడ్డ" అని పౌడర్ తుడుచుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

క్యాసెట్ వెనక్కి తిప్పి మొదలు చూసుకున్నాం. బొమ్మ బాగుంది, గొంతు బాగుంది. చివర చూసే అలవాటు అప్పట్లో ఎవరికీ లేదు. మొదలు బాగుంటే అంతా బాగుంటుందనే నమ్మకంతోనే ఊళ్ళో పెళ్ళిళ్ళు కూడా జరిగేవి.

సాయంత్రం ప్రసారం గదిలో టీ తాగుతూ చూస్తున్నాను. అన్న తమ్ముడి తల ఒడిలో పెట్టుకున్నాడు. "కండ్లు తెరువు తమ్ముడా" అని పంతులుగారి గొంతు వణికింది. తెర ఒక్కసారి చెదిరింది. మరుక్షణం బ్యాండు మేళం. పొడవాటి భోజనాల బంతి. బొద్దుగా ఉన్న ఒకాయన నవ్వుకుంటూ విస్తళ్ళలో లడ్డూలు వడ్డిస్తున్నాడు. టీ గ్లాసు వదిలేసి లేచాను. క్యాసెట్ లాగేసి కందుల ధరలు పెట్టించాను.

ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన ఆ పెళ్ళి ఎవరిదని అడిగాడు. ఇంకొకాయన లడ్డూలు వడ్డించేది తన బావేనని చెప్పి, ఆ బావ ఇప్పుడు తనతో మాట్లాడడం లేదని కూడా చెప్పుకున్నాడు. ఒక పెద్దావిడ మాత్రం నన్ను మాట్లాడనివ్వలేదు. "ఆ పిలగాడు ఆడ పడి ఉంటే మీరు లడ్డులు తింటరా? మీకు తల్లిదండ్రులు లేరా?" అని పెట్టేసింది.

సినిమా మొదలైన కాసేపటికి ఒకతను మెట్లెక్కి వచ్చాడు. ఊరి అంచున నౌబాద్‌లో ఉంటాడట, అక్కడే చిన్న కార్ఖానాలో పని, ఆ బట్టలతోనే ఉన్నాడు.

"అన్నా, తమ్ముణ్ణి ఎప్పుడు లేపుతరు?" అన్నాడు.

"రేపు ఇదే టైముకు, అంతా సరిజేసి ఏస్తం."

"రేపు గాదన్నా. ఇయ్యాలనే లేపాలె."

విషయం నిలబడే చెప్పాడు. అతని సొంత తమ్ముడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయి, కడుతున్న బిల్డింగు మీది నుంచి పడ్డాడు. ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు, మేనమామ దగ్గర ఉండి చూసుకుంటున్నాడు. ఇక్కడ తల్లి ఆనాటి నుంచి, సాయంత్రం పురాణం ముగిసేదాకా అన్నం ముట్టనని మొక్కుకుంది.

"మా అమ్మ షుగర్ మనిషి అన్నా. గోళీ ఏసుకున్నది. ఇప్పుడు తింటలేదు. 'ఆ పిలగాడు లేవంగనే నేను లేస్త' అని టీవీ ముంగట కూసున్నది. పొద్దుగాల బస్సుకు నేను హైదరాబాద్ పోవాలె. ఆమెను గిట్ల ఇడిసిపెట్టి ఎట్ల పోను?"

కరెంటు స్తంభం మీద బల్బు వెలగడం లేదని ఫిర్యాదు ఇచ్చినంత మామూలుగా చెప్పాడు. గొంతు వణకలేదు, కన్ను తడవలేదు. "బండి కావాల్నంటే నా బండి ఉన్నది. పంతులు ఇల్లు యాడనో చెప్పుండ్రి" అని కూడా అన్నాడు. కెమెరామన్ తల దించుకున్నాడు.

మాలిక్ వచ్చాడు. మొదట అందరు మాలిక్‌ల మాదిరిగానే మాట్లాడాడు. "పిక్చర్ బంద్ చేస్తే ఊరు ఊరంత నా ఇంటి మీదికొస్తది." తర్వాత అతని వైపు చూశాడు. "నీ తమ్ముని ఉమర్ ఎంత?" అన్నాడు. అతను చెప్పాడు. మాలిక్ చేతిలోని తాళాలగుత్తి బల్ల మీద పెట్టాడు. ఆయనకూ ఆ వయసు కొడుకున్నాడని నాకు తెలుసు.

"పహ్లే పిలగాణ్ణి లేపుండ్రి, తర్వాతనే పిక్చర్" అన్నాడు. "పిక్చర్ల హీరో ఎట్లయినా గెలుస్తడు. జర ఆగితే ఏం గాదు."

మళ్ళీ రికార్డు చేసి వేయాలంటే ఆలస్యం. అప్పుడు కెమెరామన్ నోరు విప్పాడు. కెమెరా వైరు తెచ్చి నేరుగా ప్రసారం మిషన్‌కు కలిపేస్తే, పంతులుగారు ఇక్కడ అన్న మాట అప్పుడే ఇళ్ళలో వినిపిస్తుందన్నాడు. హైదరాబాద్‌లో అలాగే చేస్తారట. మేమెప్పుడూ చేయలేదు. "చెయ్యి" అన్నాడు మాలిక్. నేను ఆ అన్న బండి వెనక కూర్చుని చిద్రి బయల్దేరాను.

పంతులుగారు భోంచేసి, వక్క నములుతూ మంచం మీద వాలి ఉన్నారు. సంగతంతా విని లేచి కూర్చున్నారు గానీ మంచం దిగలేదు.

"తిన్నంక చెప్పొద్దయ్యా."

"తానం చేసి రాండ్రి అయ్యగారు."

"అది గాదు. మధ్యాహ్నమే లేపిన గద. మళ్ళ లేపాలంటే మళ్ళ పడగొట్టాలె. ఒక్క దినంల ఒక్క మనిషిని రెండుసార్లు పడగొడుదునా? ఏ శాస్త్రంల ఉన్నది?"

ఆ ఇంట్లో టీవీ లేదు. వాళ్ళావిడ పక్కింట్లో పురాణం చూసి అప్పుడే వచ్చి, గుమ్మంలో నిలబడి వింటోంది.

"మీరు లేపిన తమ్ముడు మీ ముగ్గురికే లేచిండు" అంది ఆవిడ. "మాకందరికి ఇంక పండుకునే ఉన్నడు. పడగొట్టుడెందుకు, పడ్డకాడినుంచే లేపుండ్రి. నీళ్ళు తోడి పెట్టిన, పోండ్రి."

శాస్త్రం అక్కడితో తేలిపోయింది. తడి జుట్టుతోనే పంతులుగారు బండెక్కారు. ముగ్గురం ఆ ఒక్క బండి మీదే వచ్చాం. మధ్యలో ఇరుక్కుని కూడా ఆయన ఏదో గొణుక్కుంటూనే ఉన్నారు. మొదట నన్ను తిడుతున్నారనుకున్నాను. కథ వల్లె వేసుకుంటున్నారు.

పెళ్ళి ముక్కకు ముందు ఎక్కడ ఆగిందో ఒక్కసారి వేసి చూపించాం. పంతులుగారు కుర్చీలో కూర్చుని పౌడర్ వద్దన్నారు. కెమెరా వైపు చూసి ముఖం చిట్లించి, గోడకు ఆనుకుని నిలబడ్డ ఆ అన్నను పిలిచారు. "ఇట్ల రా బిడ్డా. ఈ కెమెరా కింద కూసో. నేను నీకే చెప్త. నువ్వు ఊ కొట్టు, సప్పుడు రాకుండ."

మాలిక్ సినిమా ఆపించాడు. హీరో చెయ్యెత్తి అలాగే నిలబడిపోయాడు. ఎర్ర దీపం వెలిగింది.

ఇప్పుడు మీకో సంగతి చెప్పాలి. నది దాటించడానికే వారం రోజులు తీసుకునే మనిషి మా పంతులుగారు. ఆ రోజు పద్యం లేదు, రాగం లేదు, పిట్టకథ లేదు. అన్న ఎట్లా ఏడ్చాడో చెప్పారు. కొండ కోసం ఎవరు ఎగిరిపోయారో, వైద్యుడు ఆకు నలిపి ముక్కు దగ్గర ఎట్లా పెట్టాడో చెప్పారు. అన్నీ ఆ కింద కూర్చున్న మనిషి ముఖం చూసే చెప్పారు. మైకులో జనరేటర్ మోత కూడా వినిపిస్తోంది, ఎవరికీ పట్టలేదు. అన్న ఏడ్చాడన్నప్పుడూ, తమ్ముడు కళ్ళు తెరిచాడన్నప్పుడూ కింద కూర్చున్నతను ఒకేలా తలూపాడు. నేను చెయ్యెత్తే అవసరం రాలేదు. తమ్ముడు లేచి అన్న మెడ పట్టుకున్నాక ఆయనే ఆపి, మంగళం పాడారు.

ఆ కొండ అంత తొందరగా ఏ పురాణంలోనూ రాలేదని నేను అంటే, పంతులుగారు, "ఆకలితోని కూసున్న మనిషుంటే ఎవ్వరైనా ఉరుకుతరయ్యా" అన్నారు.

సినిమా ఆపినందుకు ఒక్కరూ తిట్టలేదు. ఫోన్ చేసినవాళ్ళంతా ఒకటే మాట, లేచాడు గదా, ఇక మేమూ తింటాం అని. ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో విస్తళ్ళు ఆగిపోయాయో అప్పుడు తెలిసింది. ఇందాక తల దించుకున్న కెమెరామన్, "అన్నా, బీదర్‌ల ఫస్ట్ లైవ్ మనదే" అని ఎగిరి గంతేశాడు. మాలిక్ అందరికీ టీ తెప్పించాడు. అది కూడా బీదర్‌లో మొదటిసారే. టీ వచ్చేసరికి ఆ అన్న వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మా గొప్పలు మామూలుగా సాగలేదు. ఏ చుట్టం వచ్చినా కెమెరామన్ ఆ వైరు చూపించేవాడు. షుగర్ ఉన్న ఒక తల్లిని మా తీగలు, మా మిషన్లు కాపాడాయని నేనూ రెండు మూడు చోట్ల చెప్పాను. ఉద్యోగంలో ఛాతీ విరుచుకోవడానికి ఒక రోజైనా ఉండాలి కదా.

కొన్నాళ్ళకు ఆ నౌబాద్ అన్న మళ్ళీ వచ్చాడు. చేతిలో గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు, తల్లి పంపిందట. పంతులుగారు కూడా అప్పుడు అక్కడే ఉన్నారు. తమ్ముడు కళ్ళు తెరిచాడని, మేనమామను గుర్తుపట్టాడని, నడవడానికి మాత్రం చాలా రోజులు పడుతుందని చెప్పాడు. మేమంతా ఒక్కసారే మాట్లాడాం. "మరి మా లైవ్ అంటే ఉత్తదనుకున్నవా?" అని కెమెరామన్ అతని భుజం మీద చరిచాడు.

అతను మొహమాటంగా నవ్వాడు. "ఒక్క మాట చెప్త, ఏమనుకోకుండ్రి. ఆ దినం మా అమ్మ చూడనే లేదన్నా."

"అదేంది?"

"నేనిటు రాంగనే నౌబాద్‌ల కరెంటు పోయిందట. నేను ఇంటికి పోయిందాక రాలే. చీకట్ల గా టీవీ ముంగటనే కూసున్నది, దీపం ముట్టిచ్చుకోని."

కెమెరామన్ చెయ్యి అతని భుజం మీదే ఉండిపోయింది. మిగతా ఊరంతా చూసింది. ఎవరి కోసం చేశామో ఆమే చూడలేదు.

"మరి తిన్నదా?" అన్నారు పంతులుగారు.

"నేనే చెప్పిన అయ్యగారు. నాకు కథలు చెప్పరాదు. మీరు నా మొఖం చూసి ఎట్ల చెప్పిండ్రో, ఆమె మొఖం చూసి అట్లనే చెప్పిన. ఊ కొట్టుకుంట ఇన్నది. అన్న ఏడ్చిండని చెప్పినకాడ నన్ను ఆపింది. 'దేవుడే ఏడ్చిండు గదరా, నువ్వు ఒక్కనాడు ఏడుస్తలేవేందిరా' అన్నది."

అతను రొట్టెల గుడ్డ ముడి విప్పి నా బల్ల మీద పెట్టాడు.

"అప్పుడు ఏడ్చిన అన్నా. ఏడ్చినంక కథల తమ్ముణ్ణి లేపిన. లేపినంక ఇద్దరం కూసొని తిన్నం."